రొయ్య పేగులోని సూక్ష్మజీవులూ, చెరువుగట్టు మీది కూలీలూ

రొయ్యలు వొలిచిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే. తల తుంచి, పెంకు తీశాక వీపు మీద ఒక నల్లటి దారం కనబడుతుంది. ఇంట్లో అయితే చాకుమొనతోనో, పిన్నీసుతోనో దాన్ని లాగి పారేస్తాం. కంపెనీల పీలింగు షెడ్డుల్లో ఆడకూలీలు పొద్దస్తమానం చేసే పని ఇదే. "నరం తీయటం" అంటారు. నిజానికది నరం కాదు, రొయ్య పేగు. అందులో కనబడే నలుపు రొయ్య తిన్న మేత, మట్టి. కనబడనివి కోటానుకోట్ల సూక్ష్మజీవులు.

లాగి పారేసే దారం గురించి రైతు కూలీల పేజీలో ఇంత రాయటం దేనికని అడగొచ్చు. గోదావరి జిల్లాల నుంచి నెల్లూరు దాకా రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళు ఈ మాట అడగరు. చెరువు గట్టు మీద "విబ్రియో తగిలింది" అన్న మాట వినబడిన మర్నాడే కూలీల లెక్క మారిపోతుంది. పట్టుబడి ముందుకు జరుగుతుంది, కౌలు రైతు అప్పు పెరుగుతుంది, కాపలాదారుడి జీతం బాకీ పడుతుంది. ఇదంతా మొదలయ్యేది ఆ నల్ల దారంలోనే.

మన సమావేశాల్లో కూలీలు మళ్ళీ మళ్ళీ మూడు ప్రశ్నలు వేస్తుంటారు. సముద్రంలో రొయ్య దానంతటదే బతుకుతుంటే, చెరువులో రొయ్యకి ఇన్ని జబ్బులేంటి? డబ్బాల్లోంచి తీసి మేతలో కలపమని మా చేతికిచ్చే మందు ఏంటి? ఆ నీళ్ళల్లో పొద్దుటినించీ నిలబడే మా వొంటికి ఏమవుతుంది? మూడూ న్యాయమైన ప్రశ్నలే. మూడింటికీ జవాబు రొయ్య పేగుతో ముడిపడి వుంది.

పేగు కట్టుబడి

రొయ్య పేగుకి మూడు భాగాలుంటాయి. తలలో వుండే మొదటి భాగం మేతను నూరుతుంది. వీపు పొడుగునా సాగేది నడిమి భాగం. తోక దగ్గరది చివరి భాగం. తలలోనే మేతను అరిగించే గ్రంథి ఒకటి వుంటుంది. దాన్ని చెరువుల మీద "లివర్" అంటారు. టెక్నీషియన్ వచ్చి రొయ్యని పట్టుకోగానే మొదట చూసేది దాని రంగే.

మొదటి భాగానికీ, చివరి భాగానికీ లోపల సన్నటి పెంకు పొర వుంటుంది. రొయ్య కుబుసం విడిచినప్పుడల్లా ఆ పొర కూడా వూడిపోతుంది. దాన్ని అంటిపెట్టుకుని వున్న సూక్ష్మజీవులూ దాంతోనే పోతాయి. నడిమి భాగానికి ఆ పెంకు పొర లేదు. తిన్న మేత పేగు గోడకి వొరుసుకోకుండా పల్చటి తెరలాంటిది మాత్రం చుట్టుకుంటుంది. సూక్ష్మజీవులు స్థిరంగా కాపురం పెట్టటానికి వీలైన చోటు ఇదే. జబ్బు లోపలికి జొరబడటానికి వీలైన చోటూ ఇదే.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. మనిషికి మశూచి టీకా వేస్తే వొళ్ళు ఆ జబ్బుని గుర్తుపెట్టుకుంటుంది, దానికి సరిపోయే ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. రొయ్యకి ఆ ఏర్పాటు లేదు. దానికున్న కాపుదల పైన పెంకు, లోపల పేగు గోడ, నెత్తుటిలోని కొన్ని కణాలు. వీటితోపాటు పేగులో కాపురమున్న సూక్ష్మజీవులు. అవి మేత అరగటానికి సాయం చేస్తాయి. అంతకన్నా ముఖ్యంగా చోటుని ఆక్రమించుకుని వుంటాయి. దట్టంగా పిలకలేసిన వరిచేలో కలుపుకి చోటు దొరకనట్టే, రకరకాల సూక్ష్మజీవులతో నిండిన పేగులో ఏ ఒక్కటీ పెచ్చుమీరి పెరగలేదు.

థాయ్‌లాండ్‌లో తేలిన సంగతి

సముద్రపు రొయ్య పేగులో ఏమున్నాయి, పెంపకపు రొయ్య పేగులో ఏమున్నాయి? ఈ ప్రశ్న తీసుకుని థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు టైగర్ రొయ్య మీద చేసిన పరిశోధన 2014లో వెలువడింది. సముద్రంలో పట్టిన పెద్ద రొయ్యల్నీ, మనుషుల చేతికింద తరాలుగా పెరిగిన పెద్ద రొయ్యల్నీ తీసుకున్నారు. పేగులోని మలం తీసేసి, గోడని అంటుకుని వున్న బాక్టీరియాలు ఏవో వాటి జన్యువులను బట్టి గుర్తుపట్టారు.

చాలామంది అనుకునేది ఏమిటంటే సముద్రపు రొయ్యలో అన్నీ మంచివే, పెంపకపు రొయ్యలో అన్నీ చెడ్డవే వుంటాయని. తేలింది వేరు. బాక్టీరియాల పెద్ద కుటుంబాలు అయిదు రెండు చోట్లా వున్నాయి. విడివిడి రకాలు లెక్కేస్తే 18 రకాలు రెండు చోట్లా ఉమ్మడిగా కనబడ్డాయి. ఆ ఉమ్మడి రకాల్లో విబ్రియో కూడా వుంది! సముద్రంలో స్వేచ్ఛగా తిరిగిన రొయ్య పేగులోనూ విబ్రియో కాపురముంటోంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, రొయ్య పేగు వుట్టి గొట్టం కాదు. నీళ్ళల్లో వున్నవన్నీ వచ్చి చేరినా, తనకి సరిపడేవాటిని అది కొంతవరకూ ఏరుకుంటుంది. రెండోది మనకి ఎక్కువ ముఖ్యం. విబ్రియో బయటినించి వచ్చిన దొంగ కాదు. అది మొదటినుంచీ ఇంట్లో వున్నదే.

విబ్రియో అంటే ఒకటే పురుగు అనుకోకూడదు. అందులో ఎన్నో జాతులున్నాయి. ఎక్కువ జాతులు ఎవరికీ హాని చెయ్యవు. సముద్రంలో ఏటా రొయ్యలూ, పీతలూ, వాటికన్నా చిన్న జీవులూ విడిచిన పెంకులు లెక్కకు మించి పడతాయి. వాటిని తిని, కుళ్ళబెట్టి, మళ్ళీ నీటికి సారం చేసే పనిలో విబ్రియోలదే పెద్ద చెయ్యి. అవి ఆ పని చెయ్యకపోతే సముద్రం అడుగు పెంకులతో పూడిపోతుంది. అలాంటి జీవి చెరువులోకి వచ్చేసరికి హంతకి ఎలా అయింది? అసలు విషయం ఇక్కడుంది.

రెండు బతుకులు

టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు అలలతోపాటు నదుల మొగల్లోకి వస్తాయి. మన కోరింగ మడ అడవులు, కృష్ణ మొగలోని మడలు వాటి పుట్టిళ్ళు. అక్కడ కుళ్ళిన ఆకూ, పురుగూ, నత్తా తిని పెరిగి, పెద్దయ్యాక తిరిగి సముద్రంలోకి పోతాయి. దారిపొడుగునా ఉప్పునీరూ, మంచినీరూ, బురదా, ఇసకా అన్నీ తగులుతాయి. ప్రతి చోటా కొత్త సూక్ష్మజీవులు పేగులోకి చేరతాయి. ఒక రొయ్యకీ ఇంకో రొయ్యకీ మధ్య కావలసినంత ఎడం వుంటుంది. ఒకటి జబ్బుపడితే చేప తినేస్తుంది. జబ్బు అక్కడితో ఆగుతుంది.

ఇప్పుడు చెరువు రొయ్య బతుకు చూడండి. ఇవాళ మన చెరువుల్లో ఎక్కువగా వున్నది టైగర్ కాదు, వనామీ. దాని సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా వున్న పసిఫిక్ తీరం. 1994-95లో తెల్లమచ్చ వైరస్ టైగర్ చెరువుల్ని తుడిచిపెట్టాక, రైతులు ఏళ్ళ తరబడి దెబ్బతిన్నాక, 2009లో కేంద్రం వనామీ పెంపకానికి అనుమతిచ్చింది. తల్లి రొయ్యలు విమానంలో పరదేశాల నుంచి వస్తాయి. చెన్నైలో క్వారంటైన్‌లో వుంచి, హేచరీలకి ఇస్తారు. ఫలానా ఫలానా జబ్బులు లేవని పరీక్షించిన తల్లులవి. ఫలానా జబ్బు లేదంటే ఆ జబ్బు లేదనే అర్థం. ఏ జబ్బూ రాదని కాదు.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకి మొదట్లో నోరు పనిచెయ్యదు, సొనతో బతుకుతుంది. తర్వాత దశలో నాచు తినటం మొదలెడుతుంది. పేగులోకి సూక్ష్మజీవులు చేరేది ఆ మొదటి ముద్దతోనే. హేచరీలో నీటిని క్లోరిన్‌తోనూ, ఇతర పద్ధతులతోనూ శుభ్రం చేస్తారు. జబ్బులు రాకుండా అది అవసరమే. అయితే దున్ని వదిలేసిన చేలో మొదట మొలిచేది ఏమిటో వ్యవసాయ కూలీకి చెప్పక్కర్లేదు: తుంగ. ఖాళీ చేసిన నీటిలోనూ అంతే. నెమ్మదిగా పెరిగే మంచి రకాలు కుదురుకునేలోపు, గబగబా పెరిగేవి చోటంతా ఆక్రమిస్తాయి. సూక్ష్మజీవుల్లో అలా గబగబా పెరిగేవాటిలో ముందు వరసలో వుండేది విబ్రియో. వాటిలో ఒక జాతి అనుకూలమైన వేడిలో పది పన్నెండు నిమిషాలకే ఒకటి రెండవుతుంది. ఆ లెక్కన రెండు గంటల్లో ఒకటి వెయ్యి అవుతుంది.

చెరువు కట్టేముందు బ్లీచింగు కొట్టి నీటిలో వున్నవన్నీ చంపేసినప్పుడూ జరిగేది ఇదే. ఆ ఖాళీ నీటిలో సీడ్ వదులుతారు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల ప్రకారం వనామీ పిల్లలు చదరపు మీటరుకి 60కి మించకూడదు. అంటే ఎకరానికి సుమారు 2 లక్షల 40 వేలు. ఆ పరిమితే ఎక్కువ. దాన్నీ దాటి వేసే చెరువులు ఏ వూళ్ళో లేవో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమనండి.

ఇన్ని లక్షల నోళ్ళకి రోజుకి నాలుగైదుసార్లు మేత చల్లాలి. మేతలో వున్న నత్రజనిలో ఎక్కువ భాగం రొయ్య వొంటికి పట్టదు. మిగిలిన మేతా, మలమూ, విడిచిన పెంకులూ అడుక్కి చేరతాయి. ఆ అడుగులో కాలు పెట్టిన కూలీకి కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే నల్లబురద బాగా తెలుసు. గాలి అందని చోట పుట్టే విషవాయువు వాసన అది. రొయ్య బతికేది ఆ అడుగునే, తినేది ఆ బురద మీదే. నీటిలో ఏముంటే, బురదలో ఏముంటే అదే పేగులోకి పోతుంది.

జబ్బుపడ్డ రొయ్యల పేగుల్ని వివిధ దేశాల్లో పరీక్షించినప్పుడు సాధారణంగా కనబడే ధోరణి ఒకటుంది. సూక్ష్మజీవుల రకాలు తగ్గిపోతాయి, కొన్ని రకాలే లెక్కకు మించి పెరుగుతాయి. ఆ పెరిగేవాటిలో తరుచు విబ్రియో వుంటుంది. ఇరుకుగదిలో పదిమందిని కుక్కి, కిటికీ మూసి, తిండిపెట్టి, జబ్బు చేసిందేమని ఆశ్చర్యపోతే ఎలా వుంటుందో ఇదీ అలాగే వుంది.

ఏ జబ్బుకి ఏది కారణం

గట్టుమీద అన్ని జబ్బుల్నీ ఒకే గాటన కట్టి మందు చెప్పేస్తుంటారు. మందు అమ్ముకునేవాళ్ళకి అది లాభం. కూలీ, రైతు తేడా తెలుసుకోవాలి.

తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల వస్తుంది. దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచెయ్యదు. మేత తింటున్నా రొయ్య ఎదగకుండా వుండిపోవటానికీ, తెల్ల మలం దారాలు దారాలుగా నీటిపైన తేలటానికీ చాలా చెరువుల్లో సంబంధం వున్నది ఇ.హెచ్.పి. అనే పరాన్నజీవితో. లివర్ కణాల్లో దూరి బతికే ఈ జీవిని థాయ్‌లాండ్‌లో 2009లో వర్ణించారు. అది బాక్టీరియా కాదు. దానికీ యాంటీబయాటిక్‌తో పని లేదు. అయితే అది లివర్‌ని దెబ్బతీశాక విబ్రియోకి దారి సులువవుతుంది.

అచ్చంగా విబ్రియో వల్ల వచ్చేవి కొన్ని వున్నాయి. రాత్రిపూట రొయ్యలు చీకట్లో మిణుకుమిణుకుమంటూ మెరిసే జబ్బు ఒకటి. అంతకన్నా ఘోరమైనది 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, మలేషియా, థాయ్‌లాండ్‌ల మీదుగా 2013కి మెక్సికో చేరింది. సీడ్ వేసిన నెలరోజుల్లోపే చెరువులకి చెరువులు చచ్చిపోయాయి. కారణం ఏమిటో చాలాకాలం అంతుపట్టలేదు. 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇది విబ్రియో పారాహీమోలిటికస్ అనే జాతి పని అని తేల్చారు.

ఆ జాతి అంతా హంతకి కాదు. విషం తయారుచేసే జన్యువులు కొన్ని ఒక చిన్న వలయంలో వుంటాయి. ఆ వలయం వున్న బాక్టీరియా మాత్రమే చంపుతుంది. పేగులో కూర్చుని అది వదిలే విషం లివర్‌ని కరిగిస్తుంది. ఆ వలయాన్ని ఒక బాక్టీరియా పక్కదానికి అందివ్వగలదు. చేతులు మారే కత్తిలాంటిదన్నమాట. ఎంత ఇరుకులో, ఎంత గుంపుగా విబ్రియోలుంటే కత్తి చేతులు మారటం అంత సులువు.

డబ్బాలో మందు

యాంటీబయాటిక్ సంగతి ఇక్కడే వస్తుంది. మందుకి లొంగని గుణం కూడా ఇలాంటి వలయాల మీదే ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతుంది. మేతలో మందు కలిపితే పేగులో మెతకవన్నీ, మంచివన్నీ ముందు చస్తాయి. తట్టుకున్నవి మిగులుతాయి. వాటికిప్పుడు పోటీ లేదు, చోటు ఖాళీ, తిండి సమృద్ధి. మొదటి వారం "మందు పనిచేసింది" అంటారు. మూడో వారం చెరువు ఇంకా చెడుతుంది. అప్పుడు రెండో డబ్బా అమ్ముతారు.

చట్టం ఏమంటోంది? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మొదలైన 20 యాంటీబయాటిక్‌లూ, మందులూ రొయ్యల పెంపకంలో వాడకూడదని మన దేశంలో నిషేధం వుంది. క్లోరాంఫెనికాల్ మనిషి ఎముకల్లో నెత్తురు పుట్టే మూలుగుని దెబ్బతియ్యగలదు. నైట్రోఫ్యూరాన్ల వల్ల కాన్సర్ భయం వుంది. యూరపు దేశాలవాళ్ళు 2016లో మన రొయ్యల సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లని రేవులోనే తనిఖీ చెయ్యాలని నిర్ణయించారు. అంతకుముందు పదింట ఒకటి చూసేవారు. మందు జాడ కనబడితే సరుకు తిప్పికొడతారు. ఎగుమతిదారు ఆ నష్టాన్ని కౌంటు రేటు తగ్గించి రైతు మీద వేస్తాడు. రైతు దాన్ని కూలి తగ్గించి మన మీద వేస్తాడు.

ఇందులో న్యాయం ఎక్కడుందో ఆలోచించండి. పరదేశంలో రొయ్య తినేవాడి వొంట్లోకి అణుమాత్రం మందు పోకుండా యంత్రాలు పెట్టి చూస్తున్నారు. మంచిదే, చూడాలి. మరి అదే మందుని ఉత్త చేత్తో బెల్లం నీళ్ళల్లో కలిపి మేతకి పట్టించిన కూలీ వొంట్లోకి ఎంత పోయిందో ఎవరు చూశారు?

ఒక చెరువు దగ్గర కాపలా వుండే తమ్ముడు చెప్పిన మాట: "అన్నా, డబ్బా మీద చీటీ చింపేసి ఇస్తారు. ఏంటండీ ఇది అంటే, నీకెందుకురా, బలానికి అంటారు." ఇది ఒక్క వూరి మాట కాదు. చీటీ ఎందుకు చింపుతారో చింపేవాళ్ళకి తెలుసు.

ప్రోబయాటిక్ అనే పేరుతో వచ్చే డబ్బాల సంగతి వేరు. మంచి బాక్టీరియాలని నీటిలోనూ, మేతలోనూ వేసి విబ్రియోకి పోటీ పెట్టాలన్నది అందులోని ఆలోచన. ఆలోచన శాస్త్రీయమైనదే. బాసిల్లస్ జాతుల్లో కొన్ని ఉపయోగపడ్డట్టు పరిశోధనలు చూపించాయి. చిక్కు ఎక్కడంటే డబ్బాలో బతికున్న బాక్టీరియా ఎంతుందో, ఏ జాతో, అసలు వుందో లేదో గట్టుమీద నిలబడ్డవాడికి తెలిసే దారి లేదు. మేత అప్పిచ్చే డీలరే ఈ డబ్బాలూ అంటగడతాడు. వద్దంటే మేత రాదు. పైగా చదరపు మీటరుకి వంద పిల్లల్ని కుక్కి, అడుగున బురద తియ్యకుండా, పైన ఎంత మంచి బాక్టీరియా పోసినా ఏం లాభం? తుంగ నిండిన చేలో గుప్పెడు వరి విత్తనం చల్లినట్టే.

నీళ్ళల్లో దిగేవాడి వొళ్ళు

మూడో ప్రశ్నకి వద్దాం. 1950లో జపాన్‌లోని ఒసాకాలో చిన్న చేపల వంటకం తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చచ్చిపోయారు. కారణం వెదికితే మొదటిసారి దొరికిన బాక్టీరియాయే ఈ విబ్రియో పారాహీమోలిటికస్. రొయ్యని చంపే రకమూ, మనిషి కడుపు పట్టే రకమూ ఆ జాతిలో వేర్వేరు శాఖలు. బాగా వుడికిస్తే అది చస్తుంది. కాబట్టి వుడికించిన రొయ్య కూర తినటానికి భయపడక్కర్లేదు. పచ్చి రొయ్యలు వొలిచిన చేత్తో అన్నం తినటం మాత్రం ప్రమాదమే.

విబ్రియో వల్నిఫికస్ అనేది ఇంకో జాతి. ఉప్పుతగిలిన వెచ్చటి నీళ్ళల్లో వుంటుంది. గాయం ద్వారా వొంట్లోకి పోతే కండ కుళ్ళిపోవచ్చు, నెత్తురులోకి ఎక్కితే ప్రాణమే పోవచ్చు. తరుచుగా వచ్చే జబ్బు కాదు. వచ్చినప్పుడు మాత్రం గంటల్లో ముదురుతుంది. కాలేయం చెడినవాళ్ళకీ, చక్కెర జబ్బు వున్నవాళ్ళకీ ఎక్కువ ప్రమాదం. రొయ్య తల మీది ముల్లు గుచ్చుకోని కూలీ ఎవరున్నారు? పట్టుబడి రోజున కాళ్ళు కోసుకుపోనిది ఎవరికి? చెరువులో దిగాక గాయం చుట్టూ ఎర్రగా వాచి, నొప్పి పెరిగి, జ్వరమొస్తే ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుని వూరుకోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. "రొయ్యల చెరువు నీళ్ళల్లో దిగాను" అని డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క మాట వల్ల సరైన మందు సకాలంలో పడుతుంది.

ఇంకో సంగతి. చెరువుల్లో యాంటీబయాటిక్‌కి అలవాటుపడ్డ బాక్టీరియా చెరువులోనే ఆగదు. మురుగునీరు డ్రెయిన్లలోకి పోతుంది. డ్రెయిన్ నీళ్ళు ఏ వాడ పక్కనించి పోతాయో, ఎవరి బోరుకి దగ్గరో మనకి తెలుసు. మందుకి లొంగని గుణం చేతులు మారుతూ మనిషి కడుపులోని బాక్టీరియాకి చేరితే, రేపు మన పిల్లలకి విరేచనాలైనప్పుడు మామూలు మందు పనిచెయ్యదు. ఖరీదైన మందు కొనే స్తోమత ఎవరికుంది?

వేరే దారి లేదా?

వుంది. ఫిలిప్పీన్స్‌లోని నెగ్రోస్ దీవిలో 1990 దశకం మధ్యలో మెరుపు విబ్రియో టైగర్ చెరువుల్ని తుడిచిపెట్టింది. అక్కడ కొందరు రైతులు కొత్త పద్ధతి పట్టారు. పక్క చెరువులో తిలాపియా చేపలు పెంచి, నాచు పట్టిన ఆ పచ్చటి నీటిని రొయ్యల చెరువులోకి పెట్టారు. ఆ నీటిలోని నాచూ, బాక్టీరియాలూ, చేప వొంటి జిగురూ మెరుపు విబ్రియోని పెరగనివ్వవని తర్వాత పరిశోధనల్లో తేలింది. నీటిని ఖాళీ చెయ్యకుండా, ముందే మంచివాటితో నింపారన్నమాట.

కేరళలో ఎర్ణాకుళం, త్రిశ్శూరు, ఆలప్పుళ తీరంలో పొక్కాలి పొలాలున్నాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఉప్పుని తట్టుకునే వరి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అదే పొలంలో అలల నీటితో వచ్చే రొయ్య. వరి దుబ్బులు కుళ్ళి సూక్ష్మజీవులకి తిండవుతాయి, అవి రొయ్యకి తిండవుతాయి. రొయ్య మలం మళ్ళీ వరికి ఎరువవుతుంది. ఎకరానికి టన్నులకి టన్నులు రావు, నిజమే. కానీ ఆ పొలంలో నాటుకీ కూలి వుంది, కోతకీ కూలి వుంది, పట్టుబడికీ కూలి వుంది.

మన చెరువులన్నీ రేపటికి పొక్కాలి అయిపోవు. కానీ పిల్లల సంఖ్య తగ్గించటం, పంటకీ పంటకీ మధ్య చెరువుని బాగా ఎండబెట్టి బురద తియ్యటం, నీటిని నిలవ చెరువులో వుంచి కుదురుకున్నాక పెట్టటం, మేత లెక్కప్రకారం వెయ్యటం — ఇవి ఇవాళే చెయ్యగలిగినవి. ఏ డబ్బా కన్నా ఇవే పేగుని ఎక్కువ కాపాడతాయి. వీటిలో డీలరుకి మిగిలేదేమీ లేదు కాబట్టి ఆ మాట చెప్పేవాడు గట్టుమీదికి రాడు.

మనం అడగవలసినవి

చెరువు చెడిపోయినప్పుడు కూలీ గోడు పట్టించుకోవాలన్నది కొత్త మాటేమీ కాదు. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల్ని మూసెయ్యమన్నప్పుడు, అక్కడ ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికులకి చట్టప్రకారం ఇవ్వవలసిన పరిహారంతోపాటు ఆరేళ్ళ వేతనం అదనంగా ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ తీర్పు అమలు ఆగిపోయింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకి దారి చూపింది. చెరువులకి దొరికిన దారి కూలీలకి దొరకలేదు. అయినా కూలీకి పరిహారం హక్కేనన్న మాట దేశంలోని పెద్ద కోర్టు నోట వచ్చిందే.

కాబట్టి వూరూరా ఈ కోర్కెలు చర్చించాలి:

ఒకటి. చీటీ లేని మందు, చీటీ చింపిన మందు కూలీ చేత కలిపించరాదు. డబ్బా మీద పేరూ, హానీ తెలుగులో వుండాలి.

రెండు. చెరువులో దిగేవాళ్ళకి బూట్లు, పీలింగు షెడ్డుల్లో చేతికి తొడుగులు, కడుక్కోవటానికి మంచినీళ్ళు, సబ్బు యజమాని ఖర్చుతో ఇవ్వాలి. పనిలో తగిలిన గాయానికి వైద్యం, పని పోయిన రోజులకి కూలి ఇవ్వాలి.

మూడు. జబ్బుతో చెరువు ముందే పట్టేసినా, మాట్లాడుకున్న కాలానికి కాపలాదారుకి పూర్తి జీతం దక్కాలి.

నాలుగు. మండలానికొక ప్రభుత్వ పరీక్షశాల వుండాలి. నీరూ, రొయ్యా ఉచితంగా పరీక్షించి జబ్బేమిటో చెప్పాలి. మందు అమ్మేవాడే జబ్బు చెప్పే పద్ధతి పోవాలి. ఇది సన్నకారు, కౌలు రైతులకీ కావలసిన కోర్కె. ఇందులో వాళ్ళూ మనమూ ఒకే వైపు నిలబడాలి.

అయిదు. పిల్లల సంఖ్య పరిమితిని అమలు చెయ్యాలి. శుద్ధి చెయ్యని నీటిని డ్రెయిన్లలోకి వదిలే పెద్ద చెరువుల మీద చర్య తీసుకోవాలి.

వచ్చే పంటకి సీడ్ వెయ్యకముందే ఈ మాటలు గట్టు మీద జరగాలి. సీడ్ పడ్డాక యజమానికి తొందర, మనకి అవసరం. అప్పుడు బేరం కుదరదు. ఈలోగా మందు కలిపే ప్రతి కూలీ ఒక పని చెయ్యగలడు. చదువు రాకపోతే చదువొచ్చిన పిల్లచేత చదివించుకుని, డబ్బా మీది పేరు ఒక పుస్తకంలో తేదీతో సహా రాయించాలి. వూళ్ళో పదిమంది అలా రాస్తే, ఏ చెరువులో ఏం పోశారో రుజువు మన చేతిలో వుంటుంది.